బొచ్చుకుక్కకి బ్లోయర్: మూడున్నరేళ్ళు, యాభై స్నానాలు, ఒక జత కార్బన్లు

మా లచ్చికి నీళ్ళంటే భయం లేదు. బాత్రూమ్ తలుపు తెరిచి ఉంటే చాలు, పిలవకుండానే వెళ్ళి బకెట్ పక్కన నిలబడుతుంది. అందుకని స్నానం మాకెప్పుడూ ఇబ్బంది కాలేదు. ఇబ్బందంతా స్నానం అయ్యాకే. విశాఖపట్నంలో, సముద్రానికి కిలోమీటరు లోపల, రెండో అంతస్తు ఫ్లాట్‌లో, గోల్డెన్ రిట్రీవర్‌ని చర్మం దాకా ఆరబెట్టడమంటే ఏమిటో పెంచినవాళ్ళకే తెలుసు. వానాకాలంలో ఇక్కడ ఉతికిన జీన్స్ ప్యాంటే రెండు రోజులకి గానీ ఆరదు. ఇది 31 కిలోల జీన్స్ ప్యాంటు.

ఈ సమీక్ష కుక్కల బ్లోయర్ గురించి. పార్లర్లలో వాడతారు చూడండి, పొడుగు పైపు ఉండి, వ్యాక్యూమ్ క్లీనర్‌ని తిరగేసినట్టు గాలి చిమ్మే యంత్రం, అది. కంపెనీ పేరు అనవసరం. ఒకే డబ్బా పది పేర్లతో ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, వాటిలో నాదొకటి. ఆరువేల చిల్లర పెట్టి కొన్నాను. వాట్లు, స్పీడ్లు, రంగులు అమ్మేవాళ్ళ పేజీలోనే ఉంటాయి, అవి మళ్ళీ రాయను. దాదాపు నెలకోసారి స్నానం, మధ్యలో బీచ్‌కి వెళ్ళొచ్చిన రోజులు. అన్నీ కలిపితే యాభై దాటాయి. అంత వాడాక రాస్తున్నాను.

ఇది రాకముందు మా పద్ధతి అందరిదే. నాలుగు పాత తువాళ్ళు, ఒక టేబుల్ ఫ్యాను, అయిదు గంటలు. సాయంత్రానికి పైన చెయ్యి పెడితే పొడిగా, మెత్తగా ఉండేది. ‘ఆరిపోయింది’ అనుకుని వదిలేసేవాళ్ళం. మర్నాడు పొద్దున్న హాల్లోకి వస్తే తడి గోనెసంచి వాసన. వేళ్ళు లోపలికి పోనిచ్చి చూస్తే చర్మం దగ్గర ఇంకా చెమ్మే.

తప్పు దానిది కాదు, జాతిది. 1868లో స్కాట్లండ్ కొండల్లో, ట్వీడ్‌మౌత్ ప్రభువు ఎస్టేట్‌లో వీటి మొదటి ఈత పుట్టింది. వేటలో తుపాకీ దెబ్బకి పడిన పక్షుల్ని, నీళ్ళలో పడితే నీళ్ళలోంచి కూడా, తెచ్చిచ్చే పని వీటిది. పైన పొడుగు వెంట్రుక నీటిని జారుస్తుంది, కింద ఊలులాంటి నూగు చలిని ఆపుతుంది. నీళ్ళు తొందరగా లోపలికి పోకుండా పుట్టిన బొచ్చు అది. పోయాయంటే అంత తొందరగా బయటికీ రావు. దానికి తోడు లచ్చికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక నూగు ఇంకా గుబురైంది. ఆడకుక్కల్లో, ముఖ్యంగా ఈ జాతిలో, అలా జరుగుతూ ఉంటుందని డాక్టరు గారు తర్వాత చెప్పారు. ముందే చెప్పినా చేయించేవాళ్ళమే అనుకోండి.

‘ఇంత అవస్థ దేనికి, ఎండాకాలం రాగానే గుండు కొట్టించేయండి’ అని మా అపార్ట్‌మెంట్‌లో కనీసం ముగ్గురు సలహా ఇచ్చారు, సింహాచలంలో మొక్కు తీర్చుకున్నంత తేలిగ్గా. ఈ రకం బొచ్చు గొరిగేస్తే మళ్ళీ పాతలాగే వస్తుందన్న నమ్మకం లేదు. కొన్నిటికి అతుకులు అతుకులుగా, నూగు మాత్రమే వస్తుంది. పైగా కుక్క వేడి దింపుకునేది ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడం వల్ల, మనలా ఒంటి చెమటతో కాదు. గుండు వల్ల దానికి ఒరిగేదేమిటంటే వీపు మీద నేరుగా ఎండ. ఆ మాట ముగ్గురికీ మూడేసి సార్లు చెప్పి ఊరుకున్నాను.

ఇక బ్లోయర్. మొదటిసారి లచ్చి తుంటి మీద గొట్టం మూతి ఆనించి ఆన్ చేసినప్పుడు చూసింది నాకిప్పటికీ గుర్తుంది. గాలి తగిలిన చోట బొచ్చు గుండ్రంగా విచ్చుకుంది. మధ్యలో రూపాయి బిళ్ళంత గులాబీ రంగు చర్మం. చుట్టూ వెంట్రుకలు నాలుగు వైపులా పడుకుని, అచ్చం పిల్లల నడినెత్తి మీద సుడిలా. గొట్టం నెమ్మదిగా జరిపితే సుడీ జరుగుతుంది. దాని అంచున నీళ్ళు ఒక గీతలా చేరి, ముందుకి తోసుకుంటూ పోయి, కడుపు కిందనుంచి ధారగా కారతాయి. తువాలుతో మూడుసార్లు ఒత్తి తుడిచిన కుక్కలోంచి అన్ని నీళ్ళు వస్తాయని నేననుకోలేదు. బాల్కనీ గచ్చు మీద మడుగు కట్టింది. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు కదా, ఆ లెక్కన లచ్చికి ఒక్క పూటలో వెయ్యి పెళ్ళిళ్ళు చేశాం.

నాకు ఈ యంత్రంలో నచ్చింది ఆ ఒక్కటే. ఇది నీటిని ఆవిరి చెయ్యదు, తోసేస్తుంది. అందుకే హీటర్ మీట నేను దాదాపుగా ముట్టుకోను. పది నిమిషాలు నడిస్తే మోటారు వేడికే గాలి గోరువెచ్చగా అవుతుంది, మన ఊరి వాతావరణానికి అది చాలు, మే నెలలో ఎక్కువ కూడా. ఆరిందో లేదో తెలుసుకోవడం రెండో స్నానానికే పట్టుబడింది. తడి వెంట్రుకలు గాలికి గుంపులు గుంపులుగా, ముళ్ళలా లేస్తాయి. ఆరినవి విడివిడిగా ఊగుతాయి. ముళ్ళు కనబడినంతసేపూ పని ఉన్నట్టే. అయిదు గంటల పని ముప్పావుగంటకి వచ్చింది. మర్నాడు పొద్దున్న గోనెసంచి వాసన లేదు.

మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. కుర్చీ వేసుకుని మొత్తం చూసి, “నీ చిన్నప్పుడు నీకు తలంటి సాంబ్రాణి పొగ వేసేదాన్నే, ఇంత సంబడం లేదు” అంది. తర్వాతి నెల నిజంగానే సాంబ్రాణి కప్పు పట్టుకుని బాల్కనీలోకి వచ్చింది. లచ్చి రెండు తుమ్ములు తుమ్మి లోపలికి పోయింది. ఆ ప్రయోగం అంతటితో సరి.

మోత గురించి కూడా చెప్పాలి. మిక్సీ గుర్తుంది కదా, పచ్చడి పట్టేటప్పుడు ఫోన్ మోగినా వినబడదే, ఆ మోత, ముప్పావుగంట. ఆన్ చేసిన మొదటి రోజే కుక్క మీద పెడితే జీవితాంతం మంచం కిందే ఉంటుంది. మేం మూడు వారాలు తీసుకున్నాం. మొదటి వారం యంత్రం ఊరికే హాల్లో పడి ఉంది, దాని పక్కన ఉడికించిన చిలగడదుంప ముక్కలు. రెండో వారం పక్కగదిలో ఆన్ చేసి, తలుపు వేసి, ఇక్కడ ముక్కలు. మూడో వారం దూరంగా కాళ్ళ మీదకి, తక్కువ స్పీడులో. ముఖం మీదా చెవుల్లోకీ మాత్రం ఇప్పటికీ కొట్టను, అక్కడ తువాలే. పాత బనీను నడుం దగ్గర పట్టీలా కత్తిరించి తలకి తొడుగుతాను, చెవులు మూసుకుంటాయి. అది తొడగగానే లచ్చి ముఖం ఊటీ టూర్‌లో మంకీక్యాప్ పెట్టుకున్న తాతగారిలా మారిపోతుంది. మా అబ్బాయి ఫోన్‌లో అవే ఫొటోలు.

కుక్క అలవాటు పడింది గానీ కింది ఇంటి పిన్నిగారు అలవాటు పడలేదు. మొదటిసారి గోడకి డ్రిల్లింగ్ చేస్తున్నామనుకుని పైకొచ్చారు. ఇప్పుడు ఆదివారం పదకొండు నుంచి పన్నెండు లోపల మాత్రమే అని ఒప్పందం.

కరెంటు సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు కాబట్టి రెండు మాటలు. నా యంత్రం మీద 2400 వాట్లని రాసుంది. అంటే హీటర్ కూడా వేస్తే 10 ఆంపియర్లు దాటుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టే మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకి ఇది పనికిరాదు, ఏసీకో గీజరుకో ఇచ్చే పెద్ద పవర్ ప్లగ్గు కావాలి. మా బాల్కనీకి అది లేదు. మొదట్లో బాత్రూమ్ గీజరు లైన్ మీదే పొడుగు వైరు లాగి, గీజరు ఆపకుండా దీన్ని ఆన్ చేశాను. కాసేపటికి ఎంసీబీ పడిపోయింది. తడి చేతులతో, తడి కుక్కతో, ఆ పొడుగు వైరుతో నేను చేసిన పని ఎంత తెలివితక్కువదో ఎలక్ట్రీషియన్ వచ్చి తిట్టాకే తెలిసింది. బాల్కనీకి విడిగా పాయింట్ వేయించాను. ఆ ఖర్చు కూడా బ్లోయర్ ధరలో కలుపుకోండి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద అసలు ప్రయత్నించకండి.

నేననుకోని లాభం ఒకటి వచ్చింది. సుడిలో చర్మం కనబడుతుందన్నాను కదా. రెండో నెలలో భుజం దగ్గర ఆ గులాబీ చర్మం మీద కందిగింజంత బూడిదరంగు బొడిపె కనబడింది. పుట్టుమచ్చేమో అనుకున్నాను. కాళ్ళు కదిలాయి. పిడుదు. ఆ రోజే మెడ కింద ఇంకో రెండు దొరికాయి. అంతకుముందు రోజూ దువ్వుతూ కూడా వాటిని నేను చూడలేదు, ఆ నూగులో చూడ్డం కుదరదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంతో మా వీధిలోనే ఒక కుక్క చనిపోయింది కాబట్టి నాకు అది చిన్న విషయం కాదు. నెలనెలా మందు వేస్తూనే ఉంటాం, అయినా స్నానం రోజున తల నుంచి తోక దాకా ఒక తనిఖీ అయిపోతుంది.

ఇంతవరకూ చదివితే కొనేద్దామనిపిస్తుంది. మొదట్లో నాకూ అలాగే ఉండేది. కనబడిన ప్రతి కుక్క యజమానికీ, ‘బ్లోయర్ ఉంటే దువ్వక్కర్లేదు, రాలాల్సిన బొచ్చంతా గాలికే పోతుంది’ అని చెప్పాను. వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మాట కాస్త తగ్గించుకుంటున్నాను. వీపు మీదా పక్కలా నిజమే. బొచ్చు మొత్తం మారే రోజుల్లో బాల్కనీలో దూదేకినట్టే ఉంటుంది, పట్టుకుంటే దిండు నిండుతుంది. కానీ తోకకీ తొడల వెనకా పొడుగ్గా వేలాడే వెంట్రుక ఉంటుందే, దాని మీద గొట్టం దగ్గరగా పెట్టి ఫుల్ స్పీడు కొడితే కొసలు కొరడాల్లా ఒకదాన్నొకటి కొట్టుకుని పీటముళ్ళు పడతాయి. నాకు తెలియలేదు. మూడో నెలకి తొడ వెనక రేగిపండంత ఉండలు నాలుగు. విప్పలేక కత్తిరించాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ గొట్టం జానెడు దూరంలో, తక్కువ స్పీడు, రెండో చేత్తో వెంట్రుకల్ని కొసల దగ్గర పట్టుకుని.

దువ్వడం స్నానానికి ముందే అయిపోవాలి, ఇది కూడా ఉండలు నేర్పిన పాఠమే. చిక్కు మీద నీళ్ళు పడితే అది ముడుచుకుని ఇంకా బిగుస్తుంది. సన్నటి వంపు తీగల బ్రష్‌తో పాయలు పాయలుగా విడదీసి, చర్మం దగ్గర నుంచి దువ్వి, చివర ఇనుప దువ్వెన ఆగకుండా పోతోందో లేదో చూస్తాను. చెవుల వెనక, చంకల్లో, తొడల వెనక. మిగతా చోట్ల ఎలా ఉన్నా ఫరవాలేదు. బ్లేడు ఉండే డీషెడ్డింగ్ పరికరాన్ని కూడా ఒకప్పుడు తెగ మెచ్చుకున్నాను, ఒక్క లాగుకి గుప్పెడు బొచ్చు వస్తోందని. ఆరునెలల తర్వాత వీపు మీద మెరుపు పోయి, వెంట్రుకల కొసలు మొండిగా కనబడితే అర్థమైంది. ఊడిన నూగుతో పాటు పై వెంట్రుకనీ కోసేస్తోంది. బహుశా నేను గట్టిగా నొక్కానేమో. ఏదైనా అది ఇప్పుడు అటక మీద ఉంది.

అసలు సంగతి కిందటేడు దసరా సెలవుల్లో జరిగింది. అల్పపీడనం, రెండు రోజులుగా ముసురు. మూడో రోజు సాయంత్రం కాస్త తెరిపిస్తే లచ్చిని బీచ్‌కి తీసుకెళ్ళాం. ఇసుక, ఉప్పునీళ్ళు, ఎవరో పారేసిన కొబ్బరిచిప్ప, అన్నిట్లోనూ దొర్లింది. ఇంటికొచ్చి షాంపూ పెట్టి కడిగేసరికి రాత్రి ఏడున్నర. పిన్నిగారికి ఫోన్ చేసి, ‘ఈ ఒక్కసారికి’ అని బతిమాలుకుని బ్లోయర్ ఆన్ చేశాను.

ఎడమ వైపు అయింది. కుడి వైపుకి తిప్పి నిలబెట్టి మెడ దగ్గర మొదలుపెట్టానో లేదో యంత్రం గొంతు మారింది. కీచుమని, మళ్ళీ మామూలుగా, మళ్ళీ కీచుమని. వెనక గాలి పీల్చుకునే రంధ్రాల్లో నీలంగా మినుకుమినుకుమంది. కాలుతున్న వాసన. నేను ప్లగ్గు దగ్గరికి వెళ్ళేలోపు దానంతటదే ఆగిపోయింది. లచ్చి తల తిప్పి నా వైపు చూసింది, మిగతా సగం సంగతేమిటన్నట్టు.

తువాళ్ళు తీశాం. టేబుల్ ఫ్యాను పెట్టాం. గాల్లోనే నీళ్ళున్నప్పుడు ఫ్యాను ఏం చేస్తుంది? మా అబ్బాయి బుద్ధి ఉపయోగించి బెడ్‌రూమ్ ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి కుక్కని అందులో పడుకోబెట్టాడు, అది కొంత పనిచేసింది. నా హెయిర్ డ్రయర్ చల్లగాలి మీద పది నిమిషాలు పట్టాను. వేడిగాలి పెట్టడానికి భయం, ఆ యంత్రాల వేడి కుక్క చర్మానికి ఎక్కువ. పన్నెండున్నరకి అందరం నిద్రపోయాం. పైన చూస్తే పొడిగానే ఉంది. ఆ పొడి సంగతి నాకు తెలుసు, అయినా పడుకున్నాను.

మూడో రోజున కుడి చెవి కింద గోక్కోవడం మొదలుపెట్టింది. బొచ్చు తీసి చూస్తే అయిదు రూపాయల బిళ్ళంత ఎర్రటి చెమ్మ. రాత్రికి రాత్రి అది అరచేయంత అయింది, బొచ్చు అంటుకుపోయి, రసి కారుతూ. హాట్‌స్పాట్ అంటారు ఈ చర్మపు పుండుని. డాక్టరు గారు చుట్టూ బొచ్చు గొరిగి, క్లోర్‌హెక్సిడిన్‌తో కడిగి, మాత్రలు రాసి, మెడకి ప్లాస్టిక్ కోన్ తగిలించారు. పది రోజులు ఆ కోన్‌తో తలుపుల్నీ మా మోకాళ్ళనీ గుద్దుకుంటూ తిరిగింది. ఎడమ వైపు ఏమీ కాలేదు. అయితే, ‘తడి ఒక్కటే కారణమని చెప్పలేం, ఆ చెవిలో కొంచెం ఇన్‌ఫెక్షన్ కూడా ఉంది’ అన్నారాయన. నా మనసులో మాత్రం ఆ ఎడమా కుడీ తేడా అలాగే ఉండిపోయింది.

వారంటీ ఎప్పుడో అయిపోయింది. అమ్మినవాళ్ళకి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు. కొత్తది కొనేద్దామని చూస్తుంటే మా అమ్మ ఫోన్‌లో, “మిక్సీలా మోత పెడుతుందంటావు కదే, మిక్సీ వాడికి చూపించు” అంది. వేళాకోళానికే అన్నట్టుంది. పూర్ణా మార్కెట్ దగ్గర మా మిక్సీ, గ్రైండరు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గరికే తీసుకెళ్ళాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఏటమ్మా ఇది?” అన్నాడు. కుక్కని ఆరబెట్టేదంటే కాసేపు నా ముఖం చూశాడు. నాలుగు స్క్రూలు విప్పి వెనక మూత తీస్తే లోపల స్పాంజి ఫిల్టరు. స్పాంజి కనబడితేగా. లచ్చి బొచ్చు కంబళిలా అల్లుకుపోయి ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో ఊడబెరికి కౌంటరు మీద పెట్టాడు, మిరియాల రసంలో వేసే చింతపండంత ముద్ద. “గాలి పీల్చుకోడానికి సందేది? మోటారు ఉడికిపోనాది. కార్బన్లు అయిపోనాయి, అంతే. కాయిలు బాగానే ఉంది.”

మోటారుకి రెండు వైపులా చిన్న నల్ల ఇటుకల్లాంటి కార్బన్ ముక్కలుంటాయి. తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందిస్తూ అరిగిపోతుంటాయి. మిక్సీలోనూ ఇదే ఏర్పాటు, మోతా అందుకే ఒకలాగే ఉంది. నావి బియ్యపుగింజంత మిగిలాయి. మిక్సీ కార్బన్లు తీసి కొలిచి, కొంచెం లావున్నాయని గరుకు కాగితం మీద అరగదీసి, ఊది, మళ్ళీ అరగదీసి, స్ప్రింగుతో సహా దూర్చాడు. స్విచ్ వేస్తే పక్క కొట్టువాడు తిరిగి చూశాడు. మొత్తం 180 రూపాయలు. ఆరువేల యంత్రాన్ని చెత్తలో పారేయబోయాను.

తప్పు నాది కూడా, ఒప్పుకుంటున్నాను. ప్రతి రెండు మూడు వాడకాలకీ స్పాంజి కడగాలని దాంతో వచ్చిన కాగితంలో ఉంది, చీమతలంత అక్షరాల్లో. కానీ కుక్కబొచ్చు ఊదడానికే తయారుచేసిన యంత్రానికి, కుక్కబొచ్చు లోపలికి పోతే తియ్యడానికి నాలుగు స్క్రూలు విప్పాల్సి రావడమేమిటి? చేత్తో తిప్పితే ఊడే మూత పెట్టొచ్చుగా. ఈ కోపం నాకింకా తగ్గలేదు. ఇప్పుడు గొట్టం పొడుగున్నంత దూరంలో, గాలికి ఎదురువైపు కుర్చీ మీద పెడుతున్నాను దాన్ని, బొచ్చు అటు పోకుండా.

బాగుచేయించాక కూడా బాగానే పనిచేస్తోంది. గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది, గాలి వేగం మొదట్లో ఉన్నంత లేదనిపిస్తుంది, లేదా నాకు అలవాటైపోయిందేమో. ఆ దసరా తర్వాత హాట్‌స్పాట్ రాలేదు. చెవికి మందు కూడా క్రమం తప్పకుండా వేస్తున్నాం కాబట్టి మొత్తం మెప్పు బ్లోయర్‌కే ఇవ్వలేను.

హైదరాబాద్‌లో మా చెల్లి కొనమంటావా అని అడిగింది. వద్దన్నాను. వాళ్ళది లాబ్రడార్, పొట్టి బొచ్చు, ఊళ్ళో గాలి పొడి, డాబా మీద అరగంట ఎండలో కట్టేస్తే ఆరిపోతుంది. వాళ్ళ సందులోనే పార్లరు కూడా ఉంది. మాకు పార్లరు దూరం, పైగా మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి బోనులో లచ్చి వణికిపోయింది, మళ్ళీ తీసుకెళ్ళ బుద్ధి కాలేదు. మీది గుబురు బొచ్చున్న పెద్ద కుక్కై, ఊరు సముద్రం పక్కనై, బాల్కనీలో పవర్ ప్లగ్గుండి, కింది ఇంటివాళ్ళు మంచివాళ్ళైతే నేను కొనమనే అంటాను. కొనేముందు ఫొటోల్లో మోటారు వైపు చూడండి. కొన్నిటికి రెండు పక్కలా బయటే రెండు చిన్న స్క్రూ మూతలుంటాయి, కార్బన్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. నాదానికి లేవు.

పిన్నిగారి మనవడికి ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. అవి అయ్యేదాకా ఆదివారం ఒప్పందం కూడా రద్దు. లచ్చి రోజుకోసారి బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.